పసుపు బొట్టు పెట్టిన తేనెపెట్టె

అమెరికాలో మేముండే క్యారీ ఊళ్లో మా పక్కింటి పెద్దాయన మాకు మొదటి తేనెటీగల పెట్టె తెచ్చి ఇచ్చిన రోజున, మా అత్తగారు దాన్ని పెరటి గేటు దగ్గరే ఆపేశారు. "రాణీ ఈగ లోపలుందంటున్నావుగా? అంటే కొత్త కోడలేగా! ఉత్తినే ఎలా తీసుకెళ్తావ్?" అని మూతమీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. పెద్దాయన వెంటనే గౌరవంగా టోపీ తీసి, తలవంచుకుని నిలబడ్డాడు. "ఆయన ముందు ఇవన్నీ ఎందుకత్తయ్యా!" అని నేను విసుక్కున్నాను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది.

భార్య పోయాక పెద్దాయనకు తోడు తన పెరట్లోని ఈగలే. పొద్దున్నే కాఫీ కప్పుతో కుర్చీ తెచ్చుకుని తన పెట్టెల పక్కన కూర్చునేవాడు. అత్తగారు కంచె ఇవతలినుంచి తెలుగులో పలకరిస్తే ఆయన ఇంగ్లీషులో జవాబిచ్చేవాడు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

ఆ మరుసటి వేసవిలో ఆయన పెట్టెలకు రోగం పట్టుకుంది. పిల్లపురుగులు అరల్లోనే కుళ్లిపోయే రోగం. అది సోకితే చెక్కలోకి కూడా పాకుతుంది కాబట్టి ఈగలతో సహా అన్నీ గోతిలో వేసి కాల్చాల్సిందే. ఆ గొయ్యి ఆయనే తవ్వుకున్నాడు. ఆ పొగ చూడలేక అత్తగారు కిటికీ మూసేసి ఏడ్చారు. మా పెట్టెను ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి బాగానే ఉందన్నాడు. పెద్దాయన మాత్రం ఇక ఈ జన్మకు ఈగలు చాలన్నాడు. ఆ తర్వాత కుర్చీ బయటికి రాలేదు, ఆయనా రాలేదు. మాకు బెంగ పట్టుకుంది.

మా వైపు ఈగలు పెంచేవాళ్లమంతా పెట్టెకింత అని సంఘానికి ఫీజు కట్టి తీరాలి. ఆ డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో ఏటా ఓటేసి తేల్చుకుంటాం. ఆ ఏడు పోటీకి రెండు ప్రతిపాదనలు వచ్చాయి. ఒకటి, మన ఊరి తేనే కొనండని హైవే పక్కన బోర్డులు పెట్టించడం. రెండోది, పెట్టెలు కాల్చుకున్నవాళ్లకు కొత్త ఈగలు కొనివ్వడం. ఆ రెండోది నెగ్గితే పెద్దాయన ఇంటికి మళ్లీ ఈగలొస్తాయని నా ఆశ. వద్దంటున్నా వినకుండా ఆయన్ని కార్‌లో ఎక్కించుకుని మీటింగ్‌కి తీసుకెళ్లాను.

ఎక్కువ పెట్టెలున్న ఒకాయన లేచి, "శుభ్రంగా చూసుకునేవాడికి రోగాలు రావు. అజాగ్రత్త మనుషుల కోసం మా ఫీజులా?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గట్టిగా నాలుగు దులుపుదామని లేవబోతే పెద్దాయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తనే నిలబడ్డాడు.

"కాల్చినవాణ్ణి నేనే. మూత తీయగానే వాసనొచ్చింది. ఏమిటో తెలిసింది. మళ్లీ మూసేశాను. కాల్చడానికి మనసొప్పక ఎవరికీ చెప్పలేదు. పక్కనే ఈ అమ్మాయి పెట్టె ఉందని తెలిసి కూడా చెప్పలేదు. మళ్లీ ఈగలొస్తాయన్న ఆశ ఉంటే ఆ రోజే ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసేవాణ్ణి," అన్నాడు. నా వైపు తిరిగి, "నన్ను క్షమించు," అన్నాడు.

కోపం రాలేదంటే అబద్ధం. మా పెట్టె కూడా పోయుండేది కదా! కానీ ఆయన కూర్చోకుండా నా వైపే చూస్తూ నిలబడ్డాడు. అది చూశాక ఆ కోపం ఎక్కడికి పోయిందో పోయింది.

చేతులెత్తమన్నారు. ఆ ఎక్కువ పెట్టెలాయన కూడా నేలచూపులు చూస్తూ చెయ్యెత్తాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. తీర్మానం నెగ్గింది. అప్పుడు అధ్యక్షుడు చావుకబురు చల్లగా చెప్పాడు: ఇది ఇకమీదట కాల్చేవాళ్లకే, ఇప్పటికే కాల్చుకున్నవాళ్లకు వర్తించదు. తిరుగుదారిలో పెద్దాయన, "ఆ సంగతి నాకు ముందే తెలుసు," అన్నాడు.

ఇంటికొచ్చి అత్తగారి మీద అరిచాను. "ఇదేం న్యాయం! ఆయన నోటితో అంతా చెప్పించుకుని ఉత్త చేతులతో పంపిస్తారా?"

"నా మీద అరిస్తే ఏమొస్తుందే? స్ప్రింగ్‌లో మన పెట్టెను స్ప్లిట్ చేసి రెండు చేస్తానన్నావుగా?"

"చేస్తాను."

"మరింకేం? కోడల్ని పుట్టింటికి పంపరూ?"

వసంతం రాగానే ఈగల్ని రెండు పెట్టెల్లోకి పంచాను. ఆయనిచ్చిన రాణిని కొత్త పెట్టెలో ఉంచాను. ఇంత దగ్గరికి మారిస్తే కొన్ని ఈగలు పాతచోటికే తిరిగొచ్చేస్తాయన్నాను. "రానీ. రెండిళ్ల మధ్యా రాకపోకలుండొద్దూ?" అన్నారు అత్తగారు, మూతకు పసుపు రాస్తూ.

పెట్టెను ఆయన పెరట్లో దింపి తలుపు తట్టాం. ఆయన టోపీ పెట్టుకునే బయటికొచ్చి ఆ బొట్టునే చూస్తూ ఉండిపోయాడు.

"అన్నయ్యగారూ, మీ అమ్మాయి పుట్టింటికొచ్చింది. మళ్లీ వద్దనకండి," అన్నారు అత్తగారు తెలుగులోనే. నేను ఇంగ్లీషులో చెప్పబోయేలోపే ఆయన లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. నేను వెనక్కి తిరగబోయాను. అత్తగారు మాత్రం కదల్లేదు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆయన తలమీద టోపీ లేదు. ఒక చేత్తో తన కుర్చీ, రెండో చేత్తో అత్తగారికో కుర్చీ పట్టుకుని మెట్లు దిగుతున్నాడు.