పెదవుల మీద పీహెచ్‌డీ

నా మొదటి రిసెర్చ్ ప్రపోజల్ చదివితే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. అర్థం మాత్రం కాదు. ప్రపంచీకరణ, అస్తిత్వం, పట్టణ ఆధునికత... లైబ్రరీలు మూతపడ్డ కాలం కాబట్టి ఫోన్‌లో దొరికిన పెద్ద మాటలన్నీ తెచ్చి అందులో కుక్కాను. కరోనా రోజుల్లో బజారులో లేని గుంపు నా పేరాల్లో ఉండేది.

దాన్ని ఎంఏలో నాకు పాఠం చెప్పిన మేడంకి పంపాను. మేడం గుజరాతీ. ఫోన్ చేసి హిందీలో అడిగింది.

"బేటా, నువ్వు సూరత్‌లో ఉంటావా, చంద్రుడి మీద ఉంటావా? ఇది చదివితే తెలియట్లేదు."

"సూరత్‌లోనే మేడం. గాలాడని విషయంలో మా గల్లీకీ చంద్రుడికీ పోలిక ఉంది గానీ."

"అయితే ఆ గల్లీ ఏది ఇందులో?" అని పెట్టేసింది.

చివరి తేదీ దగ్గరికొచ్చింది. ఈ స్కాలర్‌షిప్ వస్తే పీహెచ్‌డీ. రాకపోతే ఊళ్ళోనే ఆల్థాన్ పేటలో ఒక చీరల వ్యాపారి ఆఫీసులో కంప్యూటర్ మీద బిల్లులు కొట్టాలి. ఆ పని అమ్మ మాట్లాడి పెట్టింది. అక్కడ కుర్చీ నా కోసం ఎదురుచూస్తోందని రోజూ గుర్తు చేసేది. కుర్చీలకు అంత ప్రేమ ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

మాది ఉత్తర తెలంగాణ నుంచి సూరత్‌కు వచ్చిన నేత కుటుంబం. బాపు ఊరి శివారున సచిన్ అనే చోట ఒక కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అంటిస్తుంది. మొదటి లాక్‌డౌన్ తర్వాత కార్ఖానా తెరిచినప్పుడు సేటు ఒక నియమం పెట్టాడు. మాస్కు లేకుంటే లోపలికి రావద్దు. మంచి నియమమే. కాకపోతే దాంతో కార్ఖానా మొత్తం మూగదైపోయింది.

సాంచాల చప్పుడులో చెవి దండగ. అక్కడ గొంతుతో ఎవరూ మాట్లాడరు. శబ్దం చేయకుండా పెదవులు కదిలిస్తారు, అవతలివాడు చూసి అర్థం చేసుకుంటాడు. తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, యూపీవాళ్ళు, అందరిదీ అదే పద్ధతి. ఇప్పుడు ఆ పెదవుల మీద గుడ్డ పడింది. మొదటి రోజు బాపు ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అన్నాడు.

"జైల్ల కూడ ముచ్చట వెట్టుకుంటరు గదనే. ఒకాయన నా సాంచాలు జర చూడుమని సైగ చేసిండు. పక్కాయన మావా అడుగుతున్నడనుకొని పొగాకు పొట్లం చేతుల వెట్టిండు."

"మరి సాంచాలు ఎవరు చూసిండ్రు?" అంది అమ్మ.

"ఎవ్వలు సూళ్ళె. ఇద్దరు కూసొని మావా నమిలిండ్రు."

అమ్మ ఆ మర్నాడే గుడ్డ మాస్కుకు మూతి దగ్గర కిటికీ కత్తిరించి, చీర ప్యాకింగుకు వచ్చే ప్లాస్టిక్ కవరు ముక్క అక్కడ కుట్టింది. మా ఇంట్లో బియ్యం నిండుకున్న రోజులున్నాయి గానీ చీర కవర్లు నిండుకున్న రోజు లేదు. బాపు ఆ మాస్కు పెట్టుకుని నిలబడ్డాడు. గాజు తొట్టిలో చేపలా ఉన్నాడు. నేను ఆ మాటే అన్నాను.

"నీ నోరు మూయ్. మూతి కనవడ్తుందా లేదా?" అంది అమ్మ.

"కనవడ్డది. ఇప్పుడు మబ్బు వట్టింది."

నిజమే, నాలుగు మాటలకే ఊపిరి ఆవిరి కమ్మేసింది. అమ్మ ఓడిపోయే మనిషి కాదు. కవరు లోపలి వైపు సబ్బు రుద్ది తుడిచింది. మబ్బు పోయింది. కొన్నాళ్ళలో కార్ఖానా అంతా అమ్మ కుట్టిన మాస్కులే. కవరు మీద అచ్చు ఎక్కడుంటే అక్కడే ఉండిపోయింది కాబట్టి ఒకాయన మూతి మీద 'ప్యూర్ సిల్క్' అని ఉండేది. అక్కడ నేసేదంతా పాలిస్టర్.

ఇదంతా నా కళ్ళ ముందు జరుగుతుంటే నేను గోడకానుకుని ప్రపంచీకరణ గురించి రాసుకుంటున్నాను.

మేడం ఫోన్ చేసిన సాయంత్రం ఖాళీ పేజీ ముందు కూర్చున్నాను. మాది ఒకటే గది. నాకు తెలియకూడని సంగతులు అమ్మా బాపూ ఆ గదిలోనే, నా ఎదుటే, పెదవులతో మాట్లాడుకుంటారు. అది వాళ్ళకు గోడ. ఆ రోజు కూడా అమ్మ రాళ్ళు అంటిస్తూనే మొదలుపెట్టింది.

"ఆఫీసోళ్ళు ఎన్నొద్దులు ఆగుతరు? రేపు వస్తదని చెప్పేస్త."

"చెప్పకు. రాయనీ," అన్నాయి బాపు పెదవులు.

"ఆ స్కాలర్‌షిప్పు రాకపోతే?"

"రాకపోతే మళ్ళ రాస్తది. నేను సాంచాలు నడుపుడు బందు వెట్టిన్నా ఏంది?"

"థాంక్స్ బాపూ," అన్నాను పైకే.

ఇద్దరూ బొమ్మల్లా ఆగిపోయారు. సాంచాల చప్పుడులో పెరిగిన పిల్లకు ఆ భాష రాకుండా ఎలా పోతుందో వాళ్ళకు తట్టనే లేదు.

"ఎప్పటిసంది తెలుసే నీకు?" అంది అమ్మ.

"పలక పట్టినప్పటిసంది."

అమ్మ ఇన్నేళ్ళలో నా ముందు ఏమేం మాట్లాడిందో గుర్తు చేసుకుంటున్నట్టుంది, ముఖం రంగులు మారింది. బాపు మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇంట్ల సీఐడీని సాదినం గదనే."

పాత ప్రపోజల్ మొత్తం తీసేశాను. చప్పుడులో బతికేవాళ్ళు, తలా ఒక భాషవాళ్ళు, శబ్దం లేకుండా ఎలా మాట్లాడుకుంటారు, మాస్కులు వచ్చాక ఆ మాట ఏమైంది, ఇదీ కొత్త విషయం. ఈసారి పెద్ద మాటలు వెతుక్కునే తీరిక కూడా లేకపోయింది, చెప్పాల్సింది అంత ఉంది. పరిశోధకురాలి అర్హతలు అన్నచోట, ఈ భాష నాకు తల్లిభాషతో పాటే వచ్చిందని రాశాను. రాసి, ఆ వాక్యాన్ని కాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను. గొప్పగా అనిపించింది, దాచడం ఎందుకు.

"నా మాస్కు గురించి రాసినవా?" అంది అమ్మ.

"రాసిన."

"సబ్బు సంగతి?"

"ఫుట్‌నోట్‌ల ఉంది."

"గదేంది?"

"పేజీ అడుగున, చిన్న అక్షరాలల్ల."

"అడుగునెందుకు వెడ్తివి? మీద వెట్టు."

మీద పెట్టాను. మేడం చదివి, మొత్తంలో ఆ పేరానే బాగుందంది. ఆ మాట అమ్మకు చెప్పడం నా పొరపాటు. వారం దాకా ఇంట్లో నాకు సలహాలే.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో. ఒక ప్రొఫెసర్ మ్యూట్ తీయడం మరిచిపోయి మాట్లాడాడు. ఆయన పెదవులు చూసి నేను టకీమని జవాబు చెప్పానని రాస్తే ఎంత బాగుండును. ఆయన నోటికి టీ కప్పు అడ్డం ఉంది. మ్యూట్ తీశాక అడిగింది ఇది: నువ్వు చూస్తుంటే వాళ్ళు మామూలుగా మాట్లాడతారా?

"వాళ్ళంతా నన్ను చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళే సార్. ఏ ఇబ్బందీ ఉండదు," అన్నాను.

స్కాలర్‌షిప్ వచ్చింది. మెయిల్ పైకి చదివితే బాపు తల ఊపాడు, అంతే. మర్నాడు ఇస్త్రీ అంగీ వేసుకుని డ్యూటీకి పోయాడు. సాంచాల మధ్య ఇస్త్రీ ఎంతసేపు నిలుస్తుందో ఆయనకంటే ఎవరికి తెలుసు. అయినా వేసుకున్నాడు.

మాస్కులు గడ్డాల కిందికి జారిన రోజుల్లో, సేటు అనుమతితో నోట్‌బుక్ పట్టుకుని కార్ఖానాలో అడుగుపెట్టాను. అందరి పెదవులూ కదులుతున్నాయి. ఒకాయన పక్కాయనను "మీరు జర బాబిన్ అందిస్తరా?" అంటున్నాడు. యూపీ ఆయన "కృపయా" అన్నాడు, అంటే దయచేసి అని. సాంచాలు కనిపెట్టిన నాటి నుంచి ఏ కార్ఖానాలోనూ ఎవరూ ఆ మాట అని ఉండరు. బాపు ముందే అందరికీ చెప్పి పెట్టాడు, నా బిడ్డ రాసుకోవడానికి వస్తుంది, మంచిగ మాట్లాడుండ్రి అని. నా పరిశోధన మొదటి రోజే మర్యాదలో మునిగిపోతోంది.

బాపు ఎదురుగా పోయి నిలబడ్డాను.

"మామూలుగ మాట్లాడుమను బాపూ," అన్నాను, శబ్దం లేకుండా.

"మామూలుగ అంటే నువ్వు రాయలేవు బిడ్డా."

"రాస్త. నేనొచ్చిందే దానికి."

బాపు తెగిన పోగు ముడేసి, సాంచా మళ్ళీ నడిపించాడు. తర్వాత పక్క సాంచా ఆయన వైపు తిరిగి, నేను పుట్టినప్పటి నుంచి నా ముందు ఎన్నడూ అనని మాట ఒకటి అన్నాడు. కార్ఖానా అంతా విరగబడి నవ్వింది. బాపు నవ్వలేదు. రాసుకున్నానా లేదా అని నా చేతిలో నోట్‌బుక్ వైపు చూశాడు.

రాసుకున్నాను.