వెనక్కి నడిచే చెత్తబండి

మా కో అన్నకి కంప్యూటర్ ప్రోగ్రాములో చిన్న తప్పు కనిపిస్తే దిద్దడు. దాచుకుంటాడు. కొందరు పాత స్టాంపులు దాచుకుంటారు, కొందరు ఖాళీ డబ్బాలు దాచుకుంటారు. కో మావ్-షెంగ్ అనే ఈ మహానుభావుడు మాత్రం తప్పులు దాచుకుంటాడు. అదీ ఎవరి ప్రోగ్రాములోనో కాదు, తను స్వయంగా పుట్టించిన ప్రోగ్రాములో!

అది చెత్తబండి ప్రోగ్రాము. మా జియాయీ ఊళ్ళో చెత్తబండి పాట పాడుకుంటూ వస్తుంది. వచ్చినప్పుడు సంచి పట్టుకుని వీధిలో ఉండాలి. లేకపోతే నిన్నటి చేప తలకాయలతో కాపరం చెయ్యాలి. ఫోను వాడని ముసలమ్మలు బండి కోసం ఎండలో పడిగాపులు కాయడం చూడలేక, బండి ఏ సందులో ఉందో చూపించే ప్రోగ్రాము రాశాడు కో అన్న. తీరా రాశాక తట్టింది, అది చూడాలంటే ఆ ముసలమ్మలకి ఫోను ఉండాలని.

రాసినదానికి ఆయన తాళం వెయ్యలేదు. కోడ్ అంతా అందరి ముందూ పెట్టేశాడు. ఎవరైనా చదవచ్చు, తప్పుంటే దిద్ది పంపచ్చు, బాగుంటే కో అన్న అందులో కలుపుతాడు. అలా దిద్ది పంపేవాళ్ళం శనివారం మధ్యాహ్నాలు ఆ-ఫెన్ పిన్ని టర్కీ కోడి అన్నం హోటల్లో, భోజనాల రద్దీ తగ్గాక, వెనక బల్ల దగ్గర చేరతాం. నా పేరు ఆ-కున్. ఆ బల్ల దగ్గర అందరికంటే ఎక్కువ మాట్లాడేది నేనే.

పెద్ద తప్పుల దగ్గర కో అన్న పులి. బండి ఒక వీధిలో ఉంటే పటంలో ఇంకో వీధిలో కనిపించిందనుకోండి, చేతిలో అన్నం గిన్నె పక్కన పడేసి అప్పటికప్పుడు దిద్దేస్తాడు. చిన్న తప్పుల దగ్గరే వస్తుంది చిక్కు.

"అన్నా, పటంలో బండి వెనక్కి నడుస్తోంది," అన్నానొకసారి. నిజంగానే బండి బొమ్మ తోక ముందుకి, మొహం వెనక్కి పెట్టుకుని ఊరంతా తిరుగుతోంది.

"చూశాను."

"మరి దిద్దవచ్చుగా?"

"బండి ఉన్నచోటే చూపిస్తోందా లేదా?"

"చూపిస్తోంది."

"మొహం ఎటుంటే నీకెందుకురా? పెళ్ళిచూపులకి వెళ్ళావా?"

నేను ఊరుకోలేదు. ఇంటికెళ్ళి దిద్ది పంపాను. కాసేపటికే ఫోను.

"ఎవర్నడిగి ముట్టుకున్నావురా దాన్ని?"

"తప్పు కదన్నా!"

"తప్పని నాకు తెలీదా? ఎలా ఉన్నదాన్ని అలా ఉండనీ!"

తప్పు చేసి చివాట్లు తిన్నవాళ్ళు ఊరికి వెయ్యిమంది ఉంటారు. తప్పు దిద్ది చివాట్లు తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే. నోరుమూసుకుని నా మార్పు వెనక్కి తీసుకున్నాను. బండి వెనక్కే నడుస్తూ పోయింది.

ఆ-ఫెన్ పిన్ని కూడా ఆయన్ని వదిలేది కాదు. "కో, నా బల్ల కాలొకటి ఊగుతోంది. ఇదీ దాచుకుంటావా?"

"ఉంచు పిన్నీ, ఎవరికో ఒకరికి పనికొస్తుంది," అనేవాడు ఆ ఊగే బల్ల మీదే మోచేతులు ఆనించి.

ఇలా ఉండగా నగర పారిశుద్ధ్య శాఖ నుంచి తెంగ్ గారనే అధికారి వచ్చాడు. వీధి మూలల్లో తెరలు పెట్టి వాటిలో మా ప్రోగ్రామే చూపిస్తారట. ఫోను లేని ముసలమ్మలకి ఇక ఎండలో నిలబడే పని ఉండదు. కో అన్న ఏళ్ళ తరబడి కన్న కల అది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"కానీ ఈ వెనక నడకేమిటి?" అన్నాడు తెంగ్ గారు. "మా శాఖ వెనక్కి పోతోందని జనం నవ్వరూ? వచ్చే శనివారం సాయంత్రానికి సరిచెయ్యండి. లేకపోతే తైపే కంపెనీ వాళ్ళ ప్రోగ్రాము కొనేస్తాం."

అది ఎంతసేపటి పని! నేను లాప్‌టాప్ తెరవబోయాను. కో అన్న దాని మూత మూసేశాడు. "శనివారం కదా. చూద్దాం."

వారమంతా బండి వెనక్కే నడిచింది. శనివారం వచ్చింది. కో అన్నని తలా ఒక మాట అనేశాం. "నీ బద్ధకానికి ముసలమ్మలు ఎండలో మాడాలా?" అని నేనే అడిగాను. ఆయన ఊరవేసిన ముల్లంగి ముక్క నములుతూ గుమ్మం వైపు చూస్తున్నాడు.

తెంగ్ గారు వచ్చి, చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ఆయన వెనకే లోపలికొచ్చింది పెయ్-రూ అక్క. జబ్బుపడ్డ అత్తగారి కోసం ఉద్యోగం మానుకుని, ఆవిడ పోయాక మళ్ళీ పని వెతుక్కుంటూ, ఈ వయసులో కోడ్ నేర్చుకుంటోంది. నెలక్రితం ఒకసారి వచ్చి, మా అరుపులకి బెదిరి, వెళ్ళేటప్పుడు గుమ్మంలో కో అన్నతో ఏదో గొణిగి వెళ్ళిపోయింది. మళ్ళీ రాదనే అనుకున్నాం.

"ఆ బండి సంగతి నేను చూస్తానన్నాను కదా," అంది మెల్లగా. "ఇప్పుడే పంపాను. బాగాలేకపోతే చెప్పెయ్యండి, వెళ్ళిపోతాను."

కో అన్న తెరిచి చూపించాడు. బండి ముందుకే నడుస్తోంది! చప్పట్లు కొట్టాం. అంతలో పటంలో బండి మలుపు తిరిగి పడమటికి బయల్దేరింది. చక్రాలు ఆకాశంలోకి ఎత్తి, వెల్లకిలా పడుకుని పరిగెత్తడం మొదలుపెట్టింది.

తెంగ్ గారు నుదురు కొట్టుకున్నాడు. అక్క మొహం పాలిపోయింది. చేతిసంచి అందుకుంది.

"ఇటివ్వక్కా, నిమిషంలో..." అని నేను చెయ్యి చాపాను. కో అన్న తన చాప్‌స్టిక్స్‌తో నా వేలు పట్టుకుని, ఎముక ముక్కని తీసినట్టు తీసి పక్కన పెట్టాడు.

"టైమయిపోయిందండీ!" అన్నాడు తెంగ్ గారు.

"సాయంత్రం అన్నారు. ఎండ ఇంకా గోడ మీదే ఉంది. పిన్నీ, తెంగ్ గారికో గిన్నె పెట్టు!" అని అక్క వైపు తిరిగాడు. "పెయ్-రూ, తూర్పుకి పోయే బండి ముచ్చటగా ఉంది. పడమటికి పోయేటప్పుడు నువ్వు దాన్ని గుండ్రంగా తిప్పావా, అద్దంలో చూపించినట్టు చూపించావా?"

అక్క సంచి కింద పెట్టింది. అరచేతిని బండి చేసుకుని గాల్లో అటూ ఇటూ తిప్పింది. "అయ్యో, తిప్పేశాను! అద్దంలోలా చూపించాలి!"

ఆమె టైపు చేస్తున్నంతసేపూ మేమెవ్వరం మాట్లాడలేదు. నేను కూడా. తెంగ్ గారు గిన్నె ఖాళీ చేసేసరికి బండి తూర్పుకీ పడమటికీ బుద్ధిగా నాలుగు చక్రాల మీద నడిచింది. కో అన్న ఆ మార్పు కలిపేశాడు. లోకంలో ఎవరు తెరిచి చూసినా ఆ మార్పు పక్కన పెయ్-రూ పేరే ఉంటుంది. ఆమె ఆ పేరును వేలితో తాకి చూసుకుంది.

అంతలో బయట బండి పాట వినపడింది. అందరం పిన్ని హోటల్ చెత్త సంచులు పట్టుకుని పరిగెత్తాం. సంచి విసిరేసి నేను కో అన్నని నిలదీశాను.

"అక్క కోసమని ఒక్క మాట చెబితే ఇన్ని తిట్లు తప్పేవి కదన్నా?"

"చెబితే తలా ఓ సాయం చేసి ఆమెని పక్కకి తోసేసేవాళ్ళు. అప్పుడది ఆమె దిద్దినట్టా?"

"తెరలు మన చెయ్యి జారిపోయుంటే?"

"వాటిలో తైపే వాళ్ళ ప్రోగ్రాము వచ్చేది. ముసలమ్మలకి ఎలాగూ బండి కనపడేది. పెయ్-రూ మాత్రం మళ్ళీ వచ్చేది కాదు." నవ్వాడు. "అయినా, నీ గొడుగు బొమ్మని ఎవరూ దిద్దకుండా నేనెంతకాలం ఆపానో తెలుసా?"

వాన రోజుల్లో పటంలో గొడుగు తలకిందులుగా కనిపించేది. దాన్ని పట్టుకుని దిద్దడమే ఈ బల్ల దగ్గర నా మొదటి ఘనకార్యం. ఎవరి కంటా పడని తప్పు నా కంటికి చిక్కిందని మా ఆవిడకి ఇప్పటికీ వారం వారం చెప్పుకుంటున్నాను. ఈ మనిషిని కౌగిలించుకోవాలో కొట్టాలో తెలియలేదు. చేతులు చెత్త కంపు కొడుతున్నాయి కాబట్టి రెండూ చెయ్యలేదు.

తెంగ్ గారు తెరలకి ఒప్పుకున్నాడు. అయినా కదలడే! అందరూ లోపలికెళ్ళాక గొంతు సవరించుకున్నాడు.

"కో గారూ, కాలేజీలో నేనూ కాస్త కోడ్ రాసేవాణ్ణి. ఆఫీసులో చేరాక సంతకాలు తప్ప ఇంకేమీ రాయలేదు. మరీ కష్టమైనది కాకుండా, చిన్నదేమైనా మిగిలిందాండీ?"

కో అన్న నవ్వలేదు. కొనుక్కోవడానికొచ్చిన మనిషికి సరుకు చూపించే కొట్టువాడిలా గంభీరంగా చెప్పాడు. "మీ డిపోలో బండి ఆగి నిద్రపోయినా మన పటంలో దాని మీద పాట గుర్తులు ఎగురుతూనే ఉంటాయి. వచ్చే శనివారం లాప్‌టాప్ తెచ్చుకోండి."

తెంగ్ గారు స్కూటర్ ఎక్కి, స్టార్టు చేసి, మళ్ళీ ఆపి దిగి వచ్చాడు.

"ఈలోగా దాన్ని ఎవరూ దిద్దెయ్యరు కదా?" అని అడిగి, నా వైపు అనుమానంగా చూశాడు.