నాలుగు గంటల బడి

ఎం.ఎడ్. చదివే రోజుల్లో వారానికి మూడు మధ్యాహ్నాలు తార్నాకలోని ఒక ఆసుపత్రికి పాఠం చెప్పడానికి వెళ్లేదాన్ని. క్యాంపస్‌లో మా విభాగం వాళ్లు పంపారు. హాస్టల్లో భోజనం చేసి ఎండలో నడుచుకుంటూ పోయేదాన్ని. నాకు అప్పగించింది ఒక్క అమ్మాయినే. పదో తరగతి. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. తల్లితో అంబర్‌పేట్ నుంచి వచ్చి, డయాలసిస్ యంత్రం పక్కన నాలుగు గంటలు పడుకునేది.

జబ్బు పిల్ల, అలసిపోతుందేమో అనుకొని మొదటిరోజు తేలిక లెక్కలు, రంగుల పుస్తకం పట్టుకెళ్లాను. ఆ అమ్మాయి కాగితాలన్నీ తిప్పి చూసి నా చేతికే ఇచ్చేసింది.

"అక్కా, గివి ఆరో తరగతి లెక్కలు. మా క్లాసుల వర్గ సమీకరణాలు నడుస్తున్నయ్. అవి చెప్పరాదు?"

నాకు సిగ్గేసింది. మర్నాడే పదో తరగతి పుస్తకాలు సంపాదించాను.

ఎప్పుడేం చెప్పాలో కూడా తనే నేర్పింది. ఎడమ చేతికి సూదులుండేవి, కుడి చేత్తో రాసేది. "మొదటి రెండు గంటలు మంచిగుంటది అక్కా. తర్వాత బీపీ పడిపోతది, కాళ్లు గుంజుతయ్. లెక్కలు ముందు పెట్టు, సోషల్ వెనక పెట్టు" అంది. చివరి గంట నేను చదువుతుంటే కళ్లు మూసుకొని వినేది. నిద్రపోయిందనుకునేదాన్ని. తర్వాతి క్లాసులో అడిగితే ఒక్క ముక్క వదలకుండా చెప్పేది. క్యాంపస్‌లో నేను రాసిన పాఠ్య ప్రణాళికల్లో కాళ్లు గుంజడం గురించి ఎక్కడా లేదు. అప్పటినుంచి నా నోటుబుక్కులో ఏ రోజు ఏం చెప్పాను, ఎక్కడ ఆపాను, ఎందుకు ఆపాను అన్నీ రాయడం మొదలుపెట్టాను.

చలికాలంలో ఒకరోజు తల్లి మొహం వాడిపోయి ఉంది. హాజరు చాలదు, వచ్చే ఏడు పరీక్ష రాయించండని బడిలో చెప్పారట.

"పోనీ తియ్ మేడం. పానం మంచిగుంటే చాలు" అంది ఆమె.

అమ్మాయి ఆ రోజు పుస్తకం తెరవలేదు.

మరుసటిరోజు డాక్టరు ఉత్తరం, నా నోటుబుక్కు తీసుకొని తల్లితో కలిసి బడికి వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ పేజీలు నిదానంగా తిప్పారు. ఒకచోట ఆగి, "ఇక్కడ పాఠం మధ్యలో వదిలేశారేం?" అన్నారు.

"ఆ రోజు పాపకి చలిజ్వరం వచ్చిందండీ. తర్వాతి వారం పూర్తిచేశాం."

ఆవిడ ఇంకో నాలుగు పేజీలు చూశారు. "ఎల్లుండి పాపని తీసుకురండి. నేనే అడుగుతాను."

అమ్మాయి వచ్చింది. ఆవిడ బోర్డు మీద లెక్క రాశారు. అమ్మాయి నేను చెప్పిన సూత్రం పక్కన పెట్టి, కారణాంకాలుగా విడగొట్టి మూడు వరుసల్లో తేల్చేసింది. ఆ పద్ధతి తనకు నేను చెప్పలేదు. హాజరు మినహాయింపు కోసం దరఖాస్తు ఆవిడే రాసి సంతకం పెట్టారు. మంజూరయ్యేదాకా ఫోన్లు కూడా ఆవిడే చేశారు.

పరీక్షలప్పుడు పేపర్ల మధ్య ఖాళీ రోజులు చూసి డాక్టర్లు డయాలసిస్ పెట్టారు. సైన్సు రోజు కాళ్లు గుంజి ఒక ప్రశ్న వదిలేసింది. అయినా అన్నీ పాసయింది. అన్నిటికన్నా లెక్కల్లోనే ఎక్కువ మార్కులు వచ్చాయి.

ఇప్పుడు హబ్సిగూడలో ఇంటర్ చదువుతోంది. కిడ్నీ మార్పిడికి పేరు నమోదై ఉంది, డయాలసిస్ ఇంకా సాగుతూనే ఉంది. కాలేజీలో చేరేముందు వార్డులో నర్సులందరూ బైపీసీ తీసుకొని డాక్టరు కమ్మన్నారు. నేనూ అదే అన్నాను.

"ఆసుపత్రి జూసింది చాలక్కా. నాకు ఎంపీసీ గావాలె" అంది.

కాలేజీ దరఖాస్తు తనే నింపింది. నేను తప్పులున్నాయేమో చూశాను. ఒక్కటీ లేదు.