మా తాతయ్య ఏ లెక్కలోకి వస్తాడు

నా చిన్నప్పుడు, డెబ్బైల మొదట్లో, మేము పామర్రులో ఉండేవాళ్లం. మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దున పోరాడి, ఎడమ మోకాలిలో ఇనుప ముక్కతో తిరిగొచ్చిన మనిషి. ఒక ఏడు ఆగస్టు పదిహేనుకి మా బడిలో వక్తృత్వపు పోటీ పెట్టారు. తాతయ్య యుద్ధం గురించి మాట్లాడి బహుమతి కొట్టాలనుకున్నాను. అడిగితే, తన దళంలో చనిపోయినవాళ్లు ఎందరో, గాయపడినవాళ్లు ఎందరో, జాడ తెలియనివాళ్లు ఎందరో విడివిడిగా చెప్పాడు. మూడు చిన్న అంకెలు సభలో పేలవంగా వినిపిస్తాయనిపించింది. మూడూ కూడి, అంతమందీ వీరమరణం పొందారని రాసుకున్నాను. కూడికలో తప్పు లేదు. రెండోసారి సరిచూసుకున్నాను కూడా.

పోటీ ముందురోజు మధ్యాహ్నం ఇంట్లో చదివి వినిపించాను. తాతయ్య చేతికర్ర గోడకు ఆనించి, మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు. భోజనానికి పిలిస్తే పలకలేదు. భుజం పట్టి కుదిపాను.

"నేను పోయానుగా! ఇప్పుడేగా నువ్వు చెప్పావు," అన్నాడు కళ్లు తెరవకుండానే.

నానమ్మ వంటింట్లోంచి అందుకుంది. "పోయినాయనకి గోంగూర పచ్చడెందుకురా? ఆ ముద్ద కూడా నువ్వే తినెయ్."

నాకు నవ్వొచ్చింది. తాతయ్య నవ్వలేదు. లేచి కూర్చున్నాడు.

"నా పక్కనున్నవాడు నిజంగా పోయాడ్రా. వాడి చోట్లో నన్ను పడుకోబెట్టకు. ఇక జాడ తెలియనివాళ్లంటావా, వాళ్లు పోయారని నీకెవరు చెప్పారు? ఏ తల్లో ఇంకా కంచం కడిగి పెడుతుంటే?"

మర్నాడు సభలో మూడు అంకెలూ విడివిడిగానే చెప్పాను. నాకంటే ముందు మాట్లాడిన కుర్రాడు తను ఎంచుకున్న యుద్ధంలో వేలాదిమంది నేలకొరిగారనగానే చప్పట్లు మోగాయి. నాకు అక్కడక్కడ వినిపించాయి. బహుమతి వాడికే వచ్చింది. నేను గాయపడినవాళ్ల అంకె చెప్పినప్పుడు మాత్రం, వెనక వరుసలో కూర్చున్న తాతయ్య చేతికర్ర ఒకసారి పైకెత్తి దించాడు, హాజరు పలికినట్టు.

తర్వాత నేను ఇంజనీరింగ్ చదివి, కొండపల్లి దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఎక్కడ ప్రాణనష్టం గురించి ఒకే అంకె కనిపించినా, అందులో ఎవరెవరిని కలిపారో తెలుసుకోనిదే ఇంకొకరికి చెప్పను. మీ తాతగారు యుద్ధంలో పోయారటగా అని చుట్టాల పిల్లలు ఇప్పటికీ అంటుంటారు. కాదంటాను. యుద్ధంలో ఆయన గాయపడ్డాడు. పోయింది పామర్రులో, ఆ పోటీ జరిగిన చాలా ఏళ్లకు, గోంగూర పచ్చడితో కడుపునిండా అన్నం తిన్న రోజున.