సగం సినిమా, ఒక సాంచ

చాయ్ పైసలు నేనే ఇస్త, కూసోండ్రి. గని ఒక షరతు. నేను చెప్పుడు అయిపోయేదాక ఎవలు నవ్వద్దు. నవ్వినోడే బిల్లు కట్టాలె. నా అంత తెలివిగల్లోడు ఈ భివండిల ఇంకొకడు లేడని పోయిన నెల రుజువైంది. రుజువు చేసింది గూడ నేనే!

మా అక్క మొగుడు శంకరయ్య బావ, నేను ఒక్కటే అర్రల ఉంటం గదా. నాది రాత్రి పాళి, ఆయనది పగటి పాళి. నేను లేస్తె ఆ పరుపుల ఆయన పండుతడు. శుక్రారం బట్ట నేసే కరెంటు సాంచలు బందుంటయి గన్క ఆ ఒక్క దినమే నిమ్మలంగ మొఖాలు చూసుకునుడు, ముచ్చట పెట్టుకునుడు.

ఇద్దరం సినిమా పిచ్చోళ్లమే. షో ఆరు గంటలకు, బావ పాళి దిగేది ఏడింటికి, నేను ఎక్కేది ఏడున్నరకు. ఎట్ల? అందుకే ఒక్కటే టికెట్ తీస్తం. ఇంటర్వెల్ దాక నేను చూస్త. గంట కొట్టంగనే టికెట్ ముక్క గేటు కాడ బావ చేతుల పెట్టి కార్ఖానకు ఉరుకుత. మిగిలిన సగం బావ చూస్తడు. శుక్రారం నాడు నా సగం నేను చెప్త, ఆయన సగం ఆయన చెప్తడు. ఎంత హుషారు చూడండ్రి!

ఇగ ఆ సోమారం సినిమా బ్యాంకు మీద. బ్యాంకుల జనం పైసలన్ని పత్తి ధరల మీద ఆడే సట్టా జూదంల పడి మునుగుతుంటయి. ఎవడు ఆడుతుండో చూపియ్యరు. ఆఖరికి మేనేజరు తిజోరి తెరిచి, కట్టలన్ని సూట్‌కేసుల కుక్కి పరార్! తెల్లారి బ్యాంకు ముందట జనం గుండెలు బాదుకునుడు. చేతుల జపమాల పట్టుకున్న ఒక సేటు మాత్రం ముసలోళ్లకు నీళ్లు తాపుకుంట "నేనున్న, భయపడకుండ్రి" అంటుండె. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గప్పుడే ఇంటర్వెల్.

గేటు కాడ బావకు ఒక్కటే మాట చెప్పిన. "మేనేజర్ దొంగ!"

"సరే సరే, నువ్వు ఉరుకు, పాళి చూసే మేతా తిడ్తడు," అని బావ లోపటికి పోయిండు.

ఆ రాత్రంత సాంచ మీద పోగు తెగినా నాకు సోయి లేదు. ఎందుకంటే మా ఇద్దరి పైసలు బ్యాంకులనే డిపాజిట్ ఉండె, నా పేరు మీద. మూడేండ్ల సంది చాయ్ నీళ్లు బందు పెట్టి కూడబెట్టినం. ఎన్నొద్దులు పరాయోని దగ్గర బట్ట నేసుడు, ఒక పాత సాంచ కొనుక్కుందమని. సొంత సాంచ పడ్డదంటే అక్కను పిల్లలను, నా పెండ్లాన్ని ఊరి నుంచి తోల్కరావచ్చు. గా పైసలు ఏ సూట్‌కేసుల పోతున్నయో అని నాకు ఒకటే గుబులు.

తెల్లారి నిద్ర లేదు, తిండి లేదు, సీదా బ్యాంకుకు పోయిన. మేనేజర్ సాబ్ బల్ల పక్కన ఏముండాలె? సూట్‌కేస్! ఆయన ఆ దినం పుణెకు పెండ్లికి పోతుండట, ఆ సంగతి నాకు తర్వాత తెల్సింది. నేను మాత్రం "దొరికినవ్ బిడ్డా" అనుకున్న.

"మొత్తం తీసేస్త సాబ్," అన్న.

"అరే భావూ, గడువుకు ఇంక రెండు నెలలే ఉంది. అభీ తోడేగా తో బ్యాజ్ జాయేగా," అని ఆయన మొత్తుకున్నడు. ఇప్పుడు తీస్తె వడ్డీ పోతదంట! వడ్డీ మీద ఆశ పెట్టి నన్ను ఆపుతుండని, ఆయన మొఖం మీదనే నవ్విన. వడ్డీ పోతె పోయింది, అసలు దక్కిందని కాలర్ ఎగరేసుకుంట బయటికి వచ్చిన.

మరి యాడ దాచాలె? ధామన్కర్ నాకా చౌరస్తల సూతు, అదే నూలు, అమ్మే దలాల్ సేటు ఉన్నడు గదా, దేవుని లెక్క మనిషి, పొద్దుగాల్ల లేస్తె జపమాల తిప్పుతడు. ఎవరో కార్ఖాన ఎత్తేస్తుంటె ఒక మంచి సాంచ అగ్గువకు ఇప్పిస్తనని ఆయనే అప్పటికే మాట ఇచ్చిండు. పైసలన్ని ఆయన గల్లాపెట్టెల పెట్టిన. "ఫికర్ మత్ కరో మల్లేశం, శనారం నాడు సాంచ నీది," అన్నడు. మూడు దినాలు హాయిగ పన్న.

శుక్రారం వచ్చింది. ఇద్దరం కూసున్నం. నా సగం నేను మస్తు చెప్పిన, గుండెలు బాదుకునుడు గూడ చేసి చూపిచ్చిన. బావ బీడి ముట్టిచ్చి నవ్వుతుండు.

"అరేయ్ బామ్మర్ది, మేనేజర్ దొంగ కాదు. ముసలోళ్ల పైసలు కాపాడనీకె తీసి దాచిండు. సట్టా ఆడి బ్యాంకును ముంచింది గా జపమాలోడే! వాడే పెద్ద డాకూ!"

నేను దిగ్గున లేసిన.

"బావా... మన పైసలు జపమాలోని కాడనే ఉన్నయే!"

"ఏ జపమాలోడు? ఏం పైసలురా?"

చెప్పిన. బీడి కింద పడ్డది. చెప్పులు గూడ వేసుకోకుండ ఇద్దరం ఒకటే ఉరుకుడు. నాకాకు పోయి చూస్తుమా, దుకానానికి ఇంత పెద్ద తాళం!

అయిపాయె! నేను మెట్ల మీదనే కూలబడి, "చోర్! మునిగిన్నో! జపమాల పెట్టుకొని కొంప ముంచిండు! పోలీస్‌కు చెప్పుండ్రి!" అని ఒకటే బొబ్బ. నాకాల ఉన్న జనమంత జమ. బావ సుత "మా పైసలు సట్టాల పెట్టిండు," అని అందుకున్నడు. ఒకడు పాపం నాకు నీళ్లు గూడ తాపిండు.

ఇంతల మీది అంతస్తు నుంచి, లుంగి మీద, చేతుల సగం తిన్న రొట్టెతోని సేటు దిగిండు. శుక్రారం సాంచలు బందుంటె సూతు దుకానం ఎందుకు తెరుస్తరు? భివండిల చంటిపిల్లకు గూడ తెల్సిన ముచ్చట! మాకు యాదికి రాలె.

ఆయన సీదా పోయి దుకానం తెరిచి, గల్లాపెట్టె తీసి, మా కట్ట మా చేతుల పెట్టిండు. "అందరి ముందట లెక్క చూస్కో," అన్నడు. రూపాయి తక్కువ లేదు. జనం నన్ను చూస్తున్న చూపుకు భూమి చీలితె అందుల దుంకుదును. సిగ్గు లేకుండ మళ్ల నేనే అడిగిన, "సేట్, మరి రేపు సాంచ..."

"చోర్ దగ్గర సాంచ ఎందుకు కొంటవ్?" అని తలుపేసుకున్నడు.

బావ అర్రకు వచ్చినంక, "మీ అక్కకు నువ్వే ఉత్తరం రాయి," అన్నడు. మూడు దినాలు పెన్ను పట్టలేదు నేను, నిజంగ ఏడుపొచ్చింది. పైసలు మళ్ల బ్యాంకుల వేసొచ్చిన, మేనేజర్ సాబ్ మొఖం చూడకుండ.

ఇగ ఆ సాంచ ఏమైందంటరా? సేటు దాన్ని మా కార్ఖాన మాలిక్‌కే ఇప్పిచ్చిండు. తెచ్చి మా కార్ఖానలనే బిగిచ్చిండ్రు. ఎవలను పెట్టిండ్రు దాని మీద? నన్నే! మొన్న రాత్రి మాలిక్ వచ్చి, నా భుజం తట్టి, ఎంత ప్రేమగ చెప్పిండనుకున్నరు.

"జర పైలంగ నడుపు మల్లేశం. నీ సొంత సాంచ అనుకో."