చెరకు తోటలో పడవ

అనకాపల్లి స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చున్న ముసలామె, పత్రికలో సమీక్ష కోసం నాకొచ్చిన సినిమా పుస్తకం అట్టనే చూస్తోంది. అట్ట మీద చెరకు తోట మధ్య ఒక ఖాళీ పడవ. కలల్లాంటి సినిమాలు తీసిన ఒక దర్శకుడి చిత్రంలోది. ఆ పడవ తర్వాత పాటల ఆల్బమ్‌ల మీదికి, చిత్రకారుల కాన్వాసుల మీదికి, మా కవుల కవితల్లోకి ఎక్కింది.

"మా బోటే బాబూ ఇది. సముద్రం ఒడ్డున రాజయ్యపేట మాది. బోటు ముక్కు మీద ఆ పసుపు బొట్లు నానెట్టినవే."

"అది దర్శకుడికి వచ్చిన కల అంటారమ్మా."

"కలేటి బాబూ? తుపాను! బోటుని తెచ్చి తోటలో పడేసింది, మా ఆయన్ని తేలేదు. అప్పుడే సినిమావోళ్లొచ్చి దాని బొమ్మ తీసుకుపోయేరు." ఆమె వేలితో పడవ లోపలంతా తడిమింది. "సినిమాలో మడిసి దొరికేడా?"

"లేదమ్మా. చివరిదాకా ఖాళీ పడవే."

"అయితే అదొక్కటీ నిజమే తీసేడు" అని, చేపల బుట్ట ఎత్తుకుని బండెక్కింది.

ఆ పడవను తోటలోకి తెచ్చింది 'తుపాను' అనే సమీక్షలో రాశాను. అచ్చయ్యాక చూస్తే, పత్రిక డెస్కులో ఎవరో దాన్ని 'కల' అని దిద్దారు.