నోరు మూసుకుని నడపాల్సిన కారు

కుళాయి మామయ్య పుట్టిన దగ్గర్నుంచి అరవై తొమ్మిదో ఏడు వచ్చేదాకా నోరు మూసుకుని ఉన్న కాలమంతా కలిపితే పదకొండు నిమిషాలు. దీనికి సాక్షులున్నారు. సరే, మరీ పట్టుబడితే పన్నెండు. గొంతు మీద కత్తి ఆడుతున్నంతసేపూ ఆయన మాట్లాడలేదని సెలూన్ నడిపే స్నేహితుడు అభ్యంతరం చెప్పాడు. అది నిజమే. కాకపోతే ఆ కాసేపూ ఆయన తువ్వాలు కింద చేతులతో మాట్లాడాడు, కాబట్టి దాన్ని మౌనం కింద జమకట్టడం కుదరదు. నిద్ర సంగతి ఆయన భార్యకే తెలియాలి. ఆవిడ ఇంతవరకు పెదవి విప్పలేదు.

కుళాయి అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. విప్పడానికి ఒక వేలు చాలు, కట్టడానికి పనివాణ్ణి పిలవాలి. ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు టాక్సీ నడిపాడు. వేరే పనులు దొరక్క కాదు. కదిలే కారులోంచి వినేవాడు దూకలేడన్న రహస్యం ఆయనకు చిన్నవయసులోనే తెలిసిపోయింది. ఒకసారి స్టేషనుకు వెళ్ళే మనిషి వెనక సీట్లో నిద్రపోతే, లేపి మరీ కథ ముగింపు చెప్పాడట. ఆ మనిషికి రైలు తప్పిపోయింది. పాపం అని మామయ్య అతణ్ణి తర్వాతి స్టేషను దాకా ఉచితంగా దింపాడు. దారిలో ఇంకో రెండు కథలు పట్టాయి.

వీధంతా ఆయన్ను మామయ్య అంటుంటే ఆవిడ అత్తయ్యే అవుతుంది కదా. ఆ అత్తయ్య ముప్పై ఒక్క సంవత్సరాలు లైబ్రరీలో పనిచేసింది. అక్కడ ఆవిడ ఉద్యోగమే "ష్" అనడం. ఇంటికొస్తే మాటల వాటా మొత్తం మొగుడు వాడేసుకునేవాడు. అందుకని ఆవిడ రెండుచోట్లా వినడంలోనే ఆరితేరింది. ఏదైనా చెప్పాల్సి వస్తే నాలుగు మాటల్లో చెప్పేది. అవి నాలుగు మేకుల్లా దిగేవి.

టాక్సీకి ముందు మామయ్య పన్నెండేళ్ళు పిండిమిల్లులో పనిచేశాడు. ఆ తర్వాత పాతికేళ్ళు రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చాడు. మిల్లు మానేశాడు, సిగరెట్లూ మానేశాడు, ఊపిరితిత్తులు మాత్రం పాత పగ మరిచిపోలేదు. పోయిన వానాకాలం రెండో అంతస్తుకు మెట్లెక్కుతూ ఎవరికో ఏదో చెబుతూ, మాట మధ్యలో ఆగిపోయాడు. అత్తయ్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. కేక వినబడి కాదు, ఏమీ వినబడక.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఆయన భుజానికి ఒక సంచీ, ముక్కుకు ఒక సన్నని గొట్టం వచ్చాయి. సంచీలోది బడిపిల్లల పుస్తకాల సంచీ అంత మిషను. చుట్టూ ఉన్న గాలిని పీల్చి, అందులోంచి ఆక్సిజన్ వడకట్టి, ముక్కుతో ఊపిరి తీసినప్పుడల్లా "టప్... ఫుస్" అని ఒక గుక్క వదులుతుంది. ముక్కు ఊపిరి తీయకపోతే అది కూడా ఇవ్వదు. కాసేపు చూసి "పీక్ పీక్" అని అరుస్తుంది.

"కారు నడపొచ్చా డాక్టరమ్మా?" అని అడిగాడు మామయ్య. అడగడానికి ముందు మూడు కథలు చెప్పాడు. వాటిని వదిలేద్దాం.

"గొట్టం పెట్టుకుని నడపడం తప్పేమీ కాదు," అంది డాక్టరమ్మ. "ఒంట్లో ఆక్సిజన్ తగ్గితేనే ప్రమాదం. అది తగ్గినట్టు మీకు తెలియదు. అంతా భేషుగ్గా ఉందనిపిస్తుంది. కాళ్ళూ చేతులూ ఆడుతూనే ఉంటాయి, బుర్ర మాత్రం ఒక వీధి వెనకాల వస్తుంటుంది."

"నా బుర్ర ఎప్పుడూ నాకంటే ముందే పోతుందమ్మా."

"అది మీ బుర్ర కాదండీ, నోరు," అంది అత్తయ్య.

చివరకు డాక్టరమ్మ ఒక పద్ధతి చెప్పింది. నర్సు పక్కన కూర్చుంటుంది. మామయ్య వేలికి చిన్న క్లిప్పు పెడతారు, నర్సు చేతిలోని డబ్బాలో ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో అంకె కనిపిస్తుంది. అరగంట ఊళ్ళో తిరిగి రావాలి. అంకె తొంభైకి తగ్గకపోతే కాగితం మీద సంతకం పెడుతుంది. తగ్గితే తాళాలు అల్లుడికి.

అల్లుడు మంచివాడే, బంగారం. కానీ చీమ అడ్డొచ్చినా బ్రేకు వేసి, అది రోడ్డు దాటి ఇంటికి చేరిందాకా ఆగే రకం. పైగా స్టీరింగు పట్టుకున్నాడంటే, "మామయ్యగారూ, ఇప్పుడు నన్ను మాట్లాడించకండి" అంటాడు. మిగిలిన బతుకంతా వెనక సీట్లో మూటలా, వినేవాడు లేకుండా! మామయ్యకు ఊపిరాడకపోవడం కంటే అదే ఎక్కువ భయం వేసింది.

అత్తయ్య ఏర్పాట్లు మొదలుపెట్టింది. మామయ్య మిషనును ముందు సీట్లో పెట్టబోయాడు.

"నా సీటు," అంది ఆవిడ.

"ప్రాణం పోసేది కదే, పక్కనుండాలి."

"నేను పోసింది ఇన్నాళ్ళూ పులుసా? సవతిని వెనక్కి పంపండి."

సవతి వెనక్కి వెళ్ళింది. దానికి సీటు బెల్టు కట్టారు, బ్రేకు వేస్తే ఎగిరి నెత్తిన పడకుండా. గాలి తీసుకునే కన్నాలకు ఏదీ అడ్డు రాకుండా చూశారు. గొట్టం గేరు వైపు వేలాడకుండా భుజం మీదుగా తెచ్చి కాలరుకు చిన్న క్లిప్పు పెట్టారు. ఛార్జింగు చేసిన బ్యాటరీలు రెండు అదనంగా. ఒకప్పుడు సిగరెట్టు అంటించుకునే సాకెట్టులోంచే ఇప్పుడు మిషనుకు కరెంటు. కిటికీ అద్దం వేలెడు దించి ఉంచాలి. కారు ఎండలో ఆపి దిగితే మిషనూ దిగాలి. ఈ ముచ్చటంతా చూద్దామని సెలూన్ స్నేహితుడు నోట్లో సిగరెట్టుతో వచ్చి తలుపు మీద చెయ్యేశాడు.

"అన్నయ్యగారూ, ఆక్సిజన్ ఉన్న చోటికి నిప్పా? గేటు అవతలికి వెళ్ళండి," అంది అత్తయ్య.

"ఆర్పేసి ఎక్కనా చెల్లెమ్మా?"

"జేబులో ఉన్నవీ వదిలేసి ఎక్కండి. అగ్గిపెట్టె కూడా."

ఆయన జేబు తడుముకుని, నడిచే వెళ్ళిపోయాడు.

మొదటి గురువారం. నర్సు నవ్వుముఖం పిల్ల, క్లిప్పు పెట్టి ముందు సీట్లో కూర్చుంది. ఆసుపత్రి నుంచి బేకరీ కూడలి, రైలు గేటు, పోస్టాఫీసు చుట్టి మళ్ళీ వెనక్కి. మొదటి ఐదు నిమిషాలు తొంభై ఐదు. మామయ్య చేతులు వెన్నలా కదులుతున్నాయి. అప్పుడా పిల్ల పొరపాటు చేసింది.

"ఎన్నాళ్ళ నుంచి నడుపుతున్నారు మామయ్యగారూ?"

కుళాయి విప్పుకుంది. "ఎన్నాళ్ళా? పెళ్ళయిన కొత్తల్లో, కుండపోత వాన. నా టాక్సీలో నెలలు నిండిన మనిషి, నొప్పులు. రోడ్డంతా నడుములోతు నీళ్ళు. ముందుకు పోతే ఇంజన్లోకి నీళ్ళు! ఏం చేశాననుకున్నావ్? రివర్సు! ఆరు మైళ్ళమ్మా, ఆరు మైళ్ళు వెనక్కి నడిపాను. ఆసుపత్రి గేటులో బిడ్డ కేర్ మంది..."

"పీక్ పీక్," అంది మిషను.

"చూశావా, దీనికీ నచ్చింది, ఈలవేస్తోంది!"

తొంభై రెండు. తొంభై. ఎనభై ఎనిమిది. అంకె తగ్గేకొద్దీ కథ రంగెక్కింది. మామయ్యకు ఇరవయ్యేళ్ళు తగ్గినట్టుంది.

"మామయ్యగారూ, మాట ఆపండి. ఇక్కడ ఎడమకు తిప్పి, పక్కన ఆపండి."

మామయ్య చిరునవ్వుతో చూశాడు. ఎదురుగా మూడు వీధులు. మూడూ ఒకేలా ఉన్నాయి. "ఎడమంటే... ఎటమ్మా?" అన్నాడు.

నర్సు గొంతు మారలేదు. "బ్రేకు నొక్కండి. మెల్లగా. ఆపేయండి." కారు రోడ్డు అంచున ఆగింది. "నోరు మూయండి. ముక్కుతో. ఒకటి... రెండు..."

టప్, ఫుస్. టప్, ఫుస్. ఎనిమిదో గుక్కకు కళ్ళ ముందు పొర తొలిగినట్టయింది. ఎదురుగా ఉన్న ఇల్లు, పచ్చరంగు వరండా, దాని మీద ఆరేసిన నీలం గళ్ళ చొక్కా. ఆ చొక్కా తనది. ఆ ఇల్లు తనది. ఇరవై రెండేళ్ళుగా ఉంటున్న వీధి మొదట్లో నిలబడి ఎటు తిరగాలని అడిగాడు.

"వచ్చే గురువారం ఇంకొక్కసారి," అంది నర్సు. "అదే ఆఖరు."

ఈ చొక్కా సంగతి మామయ్య ఎవరికీ చెప్పలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి దాన్ని మాత్రం మింగేశాడు. సాయంత్రం అత్తయ్య ఆ చొక్కా తీసి మడతపెడుతుంటే దానివంక అలా చూస్తూ కూర్చున్నాడు. అత్తయ్య ఏమీ అడగలేదు. నర్సు ఫోను చేసి అంతా చెప్పేసింది మరి.

మర్నాటి నుంచి సాధన. కుర్చీలో కూర్చుని, స్టీరింగుకు బదులు పళ్ళెం పట్టుకుని, నోరు మూసుకోవాలి. మొదటిరోజు మూడు నిమిషాలు. రెండోరోజు నాలుగు. ఐదో నిమిషంలో, "అసలు మౌనం మీద ఒక కథ ఉంది..." అన్నాడు. మిషను పీక్ మంది.

"నావల్ల కాదే. నాలుక దురద. ఖాళీగా ఉంటే ఏదో ఒక కథ తోస్తుంది," అన్నాడు దిగులుగా. "అల్లుణ్ణి పిలువు. తాళాలు ఇచ్చేద్దాం. ఏ పసిపిల్లో అడ్డొచ్చినప్పుడు నాకు కుడేదో ఎడమేదో తెలియకపోతే..." ఆపేశాడు. ఈసారి ఊపిరి చాలక కాదు.

అత్తయ్య ఆయన చేతుల్లోంచి పళ్ళెం తీసుకుంది. "గురువారం నేనూ వస్తాను," అంది. "వెనక, సవతి పక్కన."

రెండో గురువారం బేకరీ కూడలి దాకా బండి బాగానే నడిచింది. తొంభై ఐదు. కూడలి దాటగానే మామయ్య పెదవులు కదలడం మొదలైంది. సరిగ్గా అప్పుడు వెనకనుంచి అత్తయ్య గొంతు వినబడింది. నర్సుతో.

"ఆ రివర్సు కథ నీకు చెప్పారట కదమ్మా. ఆ రోజు ఆ కారులో నేనూ ఉన్నాను."

మామయ్య అద్దంలోంచి చూశాడు.

"రోడ్డు చూడండి," అంది అత్తయ్య. "నీళ్ళు నడుములోతు కాదమ్మా, చీలమండ దాకా. రివర్సు ఎందుకంటే, గేర్లు పట్టేశాయి. వెనక్కి తప్ప బండి ఎటూ కదలనంది."

మామయ్య నోరు తెరుచుకుంది.

"అంకె చూడమ్మా," అంది అత్తయ్య.

"తొంభై నాలుగు అత్తయ్యగారూ."

నోరు మూసుకుంది. టప్, ఫుస్.

"ఆరు మైళ్ళు కాదు. మూడు వీధులు. ఇక నెలలు నిండిన మనిషంటావా, ఆవిడకు నిండింది చెంప. పన్నునొప్పి. ఇంతలావు వాచి, శాలువా చుట్టుకుని కూర్చుంది."

మామయ్య మింగలేక కక్కలేక స్టీరింగు పట్టుకున్నాడు. ఒక్క మాట అంటే మిషను అరుస్తుంది, అంకె పడుతుంది, తాళాలు పోతాయి. అనకపోతే ముప్పై ఎనిమిదేళ్ళ కథ పోతుంది. తల అడ్డంగా ఊపుదామంటే కాలరుకు క్లిప్పు పెట్టిన గొట్టం పట్టేసింది. ఆయన చెయ్యి చల్లగా పక్కకు జరిగి ఒక మీట నొక్కింది. పట్టపగలు, చుక్క వాన లేదు, వైపర్లు అటూ ఇటూ, అటూ ఇటూ, కాదు కాదు అన్నట్టు ఊగాయి.

"ఇదేంటి మామయ్యగారూ?" అని నర్సు పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఒప్పుకోవట్లేదమ్మా," అంది అత్తయ్య. "ఆ ఆసుపత్రి గేటులో కేర్ మన్నది కూడా ఆవిడే. బిడ్డ పుట్టలేదు, పన్ను ఊడింది."

వైపర్లు జోరందుకున్నాయి. తొంభై నాలుగు. రైలు గేటు దాటింది.

"ఒకటి మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పరు," అంది అత్తయ్య. ఇప్పుడు గొంతు కొంచెం తగ్గింది. "వెనకద్దం మసకేసి ఏమీ కనబడలేదు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, వానలో తడుస్తూ, ఎడమకు, ఇంకొంచెం ఎడమకు, ఆపండి, గుంట ఉంది, అని దారంతా చెబుతూనే ఉన్నాను. ఆయన ఒక్క మాట మాట్లాడలేదమ్మా. నేను ఎటంటే అటు తిప్పారు. చిన్న గీత పడకుండా ఆసుపత్రికి చేర్చారు. ఈయన చేతికి ప్రాణం అప్పజెప్పొచ్చు అని నేననుకున్నది ఆ రోజే."

మామయ్య వైపర్లు ఆపాడు. పోస్టాఫీసు మలుపు దగ్గర ఒక తల్లి పిల్లల తోపుడు బండిలో బిడ్డతో రోడ్డు దాటుతోంది. ముందుగానే చూశాడు. ముందుగానే ఆపాడు. ఆవిడ దాటిందాకా ముక్కుతో ఊపిరి తీస్తూ, మెదలకుండా కూర్చున్నాడు. తొంభై ఐదు.

ఆసుపత్రి వాకిట్లో కారు ఆగింది. డాక్టరమ్మ సంతకం పెట్టి, కింద రెండు వాక్యాలు సొంత చేతిరాతతో రాసింది. బండి కదులుతున్నంతసేపూ డ్రైవరు మాట్లాడరాదు. ఆర్నెల్లకోసారి మళ్ళీ పరీక్ష. కాగితం చదివి అల్లుడు హమ్మయ్య అనుకున్నాడని కొందరంటారు, కాసేపు ఏడ్చాడని కొందరంటారు.

ఇప్పుడు ఆ కారులో అత్తయ్య మాట్లాడుతుంది. ముప్పై ఒక్క సంవత్సరాలు లైబ్రరీలో మింగినదంతా, ఎవరు ఏ పుస్తకంలో ఏ ఉత్తరం మరిచిపోయారో, ఎవరు ఏ అల్మారా వెనక ఎవరికోసం కాచుకున్నారో, ఒక్కొక్కటే బయటికొస్తోంది. మామయ్య వింటూ నడుపుతాడు. ఒక్కోసారి కథ మంచి పట్టులో ఉందని ఇంటి వీధి దాటించి ఇంకో చుట్టు తిప్పుతాడు. అయితే ఈసారి దాటించేటప్పుడు ఆ వీధి ఏదో ఆయనకు తెలుసు.

ఇదంతా రాసుకుని, ఆయనకు చూపించడం మర్యాద కదా అని మొన్న ఆయన కారులోనే కూర్చుని నేను చదివి వినిపించాను. మామయ్య ఊఁ అనలేదు, ఆఁ అనలేదు. చివరిదాకా విని, సిగ్నలిచ్చి, కారు పక్కకు తీసి, బ్రేకు వేసి, ఇంజను ఆపి, అప్పుడు నోరు విప్పాడు.

"శుద్ధ అబద్ధం," అన్నాడు. "ఇందులో ఒక్క ముక్క కూడా జరగలేదు."